బొటనవేలు జారకుండా: కంట్రోలర్ థంబ్‌స్టిక్ గ్రిప్‌ల సమగ్ర మార్గదర్శి

థంబ్‌స్టిక్ గ్రిప్ అంటే గేమ్ కంట్రోలర్‌లో బొటనవేలితో తిప్పే స్టిక్ మీద తొడిగే చిన్న రబ్బరు టోపీ అనీ, వేలు జారకుండా ఉంటే చాలనీ అనుకుని రంగు చూసి కొనేవాళ్లు ఎక్కువ. కానీ ఆ చిన్న ముక్క స్టిక్ ఎత్తును, వేలు తిరగాల్సిన దూరాన్ని, తోయడానికి పట్టే బలాన్ని ఒకేసారి మార్చేస్తుంది. సరైనది దొరికితే గురి నిలకడగా ఉంటుంది. మీకు పడనిది తగిలిస్తే, ఉన్న అలవాటు కూడా పాడై ఆట ఇంకా దిగజారుతుంది. అందుకే కొనేముందు ఆలోచించాల్సినవి, అమర్చే పద్ధతి, అమర్చాక మార్చాల్సిన సెట్టింగులు అన్నీ వరుసగా చెబుతున్నాం.

ముందు ఇబ్బంది ఏమిటో తేల్చుకోండి

ఓ అరగంట ఆడండి. ఎక్కడ తేడా వస్తోందో గమనించండి. సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి కనిపిస్తుంది.

స్టిక్‌ను అంచుదాకా తోసి పట్టుకున్నప్పుడు వేలు పక్కకు జారుతుంటే అది పట్టు సమస్య. చెమట, చర్మం మీది జిడ్డు, అరిగి నున్నబడిన రబ్బరు, ఈ మూడే కారణాలు. దీనికి పలుచటి సిలికాన్ క్యాప్ గానీ గ్రిప్ టేప్ గానీ చాలు. ఎత్తు పెంచాల్సిన పని లేదు.

వేలు జారదు, కానీ గురి మాత్రం లక్ష్యాన్ని దాటి అవతలికి పోతుంది, మళ్లీ వెనక్కి తెస్తే ఇవతలికి వచ్చేస్తుంది. ఇది నియంత్రణ సమస్య. ఎత్తైన గ్రిప్ పనికొచ్చేది ఇక్కడే.

స్టిక్ మీది రబ్బరు చిరుగుతోంది లేదా అంచు గరుకుగా అరిగి వేలికి గుచ్చుకుంటోంది. ఇక్కడ కావాల్సింది రక్షణ. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ డ్యుయల్‌షాక్ 4 వచ్చిన కొత్తలో స్టిక్ మీది రబ్బరు పొర చిరిగి ఊడిపోవడం చాలామందికి ఎదురైంది. అలాంటి స్టిక్ మీద మెత్తటి సిలికాన్ క్యాప్ వేస్తే చిరుగు అక్కడితో ఆగుతుంది.

ఇక నాలుగోది, వేలు తీసేసినా ఆటలో పాత్ర తనంతట తాను నడవడం, కెమెరా తిరగడం. అది డ్రిఫ్ట్. గ్రిప్‌తో తగ్గేది కాదు. చాలా కంట్రోలర్లలో స్టిక్ అడుగున పొటెన్షియోమీటర్ అనే భాగం ఉంటుంది. అందులోని కార్బన్ పట్టీ మీద చిన్న స్పర్శ ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా రీడింగ్ తప్పుతుంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లలో కొలత అయస్కాంతంతో జరుగుతుంది కాబట్టి ఈ రాపిడి ఉండదు. డ్రిఫ్ట్ ఉన్న కంట్రోలర్‌కు గ్రిప్ కొనకండి, ముందు స్టిక్ మాడ్యూల్ సంగతి చూడండి.

ఏయే రకాలు ఉన్నాయి

పలుచటి సిలికాన్ క్యాప్: ఒక మిల్లీమీటరు లేదా కాస్త ఎక్కువ మందం. స్టిక్ తలను మొత్తం కప్పి అంచు కింద ముడుచుకుంటుంది. ఎత్తు పెద్దగా మారదు కాబట్టి అలవాటు పడటానికి సమయం పట్టదు. మొదటిసారి వాడేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

చుక్కలు లేదా గాట్లున్న మందపాటి సిలికాన్ క్యాప్: పట్టు బాగుంటుంది, ఎత్తు కూడా కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. చిక్కేమిటంటే సిలికాన్ మందమైన కొద్దీ దానికదే వంగుతుంది. మీరు వేలు కదిపిన తొలి క్షణంలో క్యాప్ మాత్రమే సాగి, తర్వాత స్టిక్ కదులుతుంది. సూక్ష్మంగా గురి పెట్టే ఆటల్లో ఆ మెత్తదనం తెలిసిపోతుంది. దుకాణంలోనే వేళ్లతో పక్కకు నొక్కి చూడండి. పైభాగం అడుగుభాగం మీద జారుతున్నట్టు అనిపిస్తే వదిలేయండి.

క్లిప్ రకం: అడుగున గట్టి ప్లాస్టిక్, దాని కొక్కేలు స్టిక్ అంచు కింద పట్టుకుంటాయి. పైన రబ్బరు తల. కంట్రోల్‌ఫ్రీక్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన నమూనా ఇదే. ప్లాస్టిక్ వంగదు కాబట్టి వేలి కదలిక నేరుగా స్టిక్‌కు చేరుతుంది. ఎత్తు పెంచాలనుకుంటే సిలికాన్ కంటే దీన్నే ఎంచుకోవాలని మా గట్టి అభిప్రాయం.

గ్రిప్ టేప్: గరుకు ఉపరితలం ఉన్న గుండ్రటి స్టిక్కర్. స్టిక్ తల మీద అంటించడమే. ఎత్తు దాదాపు మారదు.

ప్రెసిషన్ రింగ్: ఇది తల మీద కూర్చోదు. స్టిక్ మెడ చుట్టూ వేసే ఫోమ్ లేదా సిలికాన్ వలయం. అంచువైపు తోసినప్పుడు కాస్త ఎదురు నెడుతుంది.

మార్చుకునే స్టిక్‌లు: కొన్ని కంట్రోలర్లకు ఇవి పెట్టెలోనే వస్తాయి. ఎక్స్‌బాక్స్ ఎలైట్ సిరీస్ 2లో స్టిక్ తలలు అయస్కాంతంతో పట్టుకుంటాయి, పైకి లాగితే వచ్చేస్తాయి. పొడవైనదీ, వెడల్పాటి గుమ్మటం ఆకారందీ కూడా ఇస్తారు. తోడుగా వచ్చే చిన్న పనిముట్టుతో స్టిక్ బిగువు కూడా మార్చుకోవచ్చు. ప్లేస్టేషన్ 5 కోసం 2023లో వచ్చిన డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్‌లోనూ ఎత్తు, పొట్టి గుమ్మటం తలలు ఉంటాయి. మీ దగ్గర ఇలాంటిది ఉంటే వేరే గ్రిప్ కొనేముందు వాటిని వారం పాటు వాడి చూడండి. మీకు ఏ ఎత్తు సరిపోతుందో ఖర్చు లేకుండా తేలిపోతుంది.

ఎత్తు పెంచితే ఏం జరుగుతుంది

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. స్టిక్ ఒక మీట. కింద కీలు, పైన మీ వేలు. కంట్రోలర్ కొలిచేది స్టిక్ ఎంత కోణంలో వంగిందన్నది మాత్రమే. మీ వేలు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో దానికి అక్కర్లేదు.

లెక్క చూద్దాం. కీలు నుంచి తల వరకు 20 మి.మీ., స్టిక్ గరిష్ఠంగా 20 డిగ్రీలు వంగుతుంది అనుకోండి. మధ్య నుంచి అంచుకు వేలు సుమారు 6.8 మి.మీ. కదలాలి. 6 మి.మీ. ఎత్తైన గ్రిప్ వేస్తే అదే కోణానికి 8.9 మి.మీ. కదలాలి. 10 మి.మీ. వేస్తే 10.3 మి.మీ. అంటే గరిష్ఠ వేగం మారలేదు, దాన్ని చేరే దారి మాత్రం 6 మి.మీ.కు 30 శాతం, 10 మి.మీ.కు 50 శాతం పెరిగింది. అదే దారిలో చిన్న చిన్న సర్దుబాట్లకు చోటు ఎక్కువ దొరుకుతుంది. గురి నిలవడానికి కారణం ఇదే.

బలం సంగతి దీనికి వ్యతిరేకం. గునపం పొడవైన కొద్దీ రాయి తేలిగ్గా లేచినట్టే, స్టిక్ పొడవైతే తోయడానికి తక్కువ బలం చాలు. పై లెక్కలో 6 మి.మీ.కు సుమారు 23 శాతం, 10 మి.మీ.కు 33 శాతం తగ్గుతుంది. వినడానికి బాగుంటుంది కానీ వేలు వణికే అలవాటున్నవాళ్లకు స్టిక్ మరీ వదులుగా అనిపించవచ్చు. ఎత్తైన గ్రిప్‌తో పాటు ప్రెసిషన్ రింగ్ వాడేవాళ్లు ఉన్నది ఈ వదులుతనాన్ని సరిచేసుకోవడానికే.

మూడో ప్రభావం స్టిక్‌ను కిందికి నొక్కే ఎల్3 (ఎడమ), ఆర్3 (కుడి) బటన్ల మీద. పొట్టి స్టిక్‌ను నిట్టనిలువుగా నొక్కడం సులువు. పొడవైనదాన్ని నొక్కేటప్పుడు వేలు ఏమాత్రం పక్కకున్నా స్టిక్ ముందు వంగుతుంది, తర్వాతే క్లిక్ అవుతుంది. పరుగు కోసం ఎల్3 పదే పదే నొక్కాల్సిన ఆటల్లో ఎడమ స్టిక్‌కు ఎత్తు గ్రిప్ వేస్తే పరుగు మొదలయ్యే ప్రతిసారీ దారి కొంచెం తప్పుతుంది. కత్తిపోటుకు ఆర్3 వాడే ఆటల్లో కుడి స్టిక్‌తో ఇదే గొడవ. ఎత్తు గ్రిప్ తప్పదనుకుంటే ఆ పనిని వేరే బటన్‌కు మార్చుకోండి.

మా సలహా ఇది. తుపాకీ ఆటలకు కుడి స్టిక్ మీద 5 నుంచి 7 మి.మీ. మధ్యస్థ ఎత్తు, ఎడమ స్టిక్ మీద పలుచటి క్యాప్ లేదా ఏమీ వద్దు. రేసింగ్ ఆటల్లో స్టీరింగ్ ఎడమ స్టిక్ మీద ఉంటుంది కాబట్టి ఎత్తు అటువైపు పెడితే మలుపుల్లో చిన్న చిన్న దిద్దుబాట్లు బాగా పడతాయి. ఫైటింగ్, ప్లాట్‌ఫామ్ ఆటల్లో స్టిక్‌ను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వేగంగా కొట్టాలి, అక్కడ ఎత్తు అడ్డం. 10 మి.మీ., అంతకు మించినవి పొడవాటి వేళ్లున్నవాళ్లకే. చిన్న చేతులవాళ్లు వాడితే బొటనవేలు పైకి లేచి కణుపు దగ్గర వంగిపోతుంది. గంట ఆడేసరికి వేలి మొదట్లో నొప్పి మొదలైతే ఎత్తు మీకు ఎక్కువైందనే అర్థం. ఓర్చుకుంటే అలవాటవుతుందని లాగకండి, దించేయండి.

తల ఆకారం, గరుకుదనం

గుంట తల వేలిని మధ్యలో కూర్చోబెడుతుంది. వేలి కొనతో ఆడేవాళ్లకు, స్టిక్‌ను అంచున ఎక్కువసేపు పట్టి ఉంచేవాళ్లకు ఇది నప్పుతుంది. గుమ్మటం తల మీద వేలు దొర్లుతుంది. వేలి మెత్తటి భాగాన్ని పరిచి ఆడేవాళ్లకు, బొటనవేలిని స్టిక్ నుంచి బటన్లకు తరచూ మార్చేవాళ్లకు ఇది హాయి. డ్యుయల్‌షాక్ 3 స్టిక్‌లు గుమ్మటం రకం, డ్యుయల్‌సెన్స్, ఎక్స్‌బాక్స్ స్టిక్‌లు గుంట రకం. మీరు ఏళ్ల తరబడి వాడిన ఆకారాన్నే ఎంచుకుంటే వేలు త్వరగా ఒప్పుకుంటుంది.

గరుకుదనం ఎక్కువైతే మంచిదనుకోవద్దు. లోతైన గాట్లు మొదట గట్టిగా పట్టుకుంటాయి, రెండు గంటల ఆట తర్వాత చర్మం ఎర్రబడుతుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు లోతైన చారలు మంచివి, తడి ఆ చారల్లోకి పోతుంది. పొడి చేతులవాళ్లకు సన్నటి చుక్కల మెత్తటి రబ్బరు చాలు.

మీ కంట్రోలర్‌కు సరిపోతుందా

సిలికాన్ సాగుతుంది కాబట్టి అన్నిటికీ సరిపోతుందని రాసి అమ్ముతారు. సాగడం వేరు, బిగుతుగా కూర్చోవడం వేరు. మూడు కొలతలు తీసుకోండి. స్టిక్ తల వ్యాసం, తల అంచు మందం, తల అడుగు నుంచి కంట్రోలర్ పైకప్పు వరకు ఖాళీ. వెర్నియర్ కాలిపర్ ఉంటే సరే, లేకపోతే సన్నటి కాగితపు పట్టీని తల చుట్టూ చుట్టి, ఆ పొడవును 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. సిలికాన్ క్యాప్ లోపలి వ్యాసం స్టిక్ తల కంటే కొంచెం తక్కువ ఉండాలి. సమానంగా ఉంటే అది తిరుగుతుంది.

డ్యుయల్‌షాక్ 4 కోసం చేసిన క్లిప్ గ్రిప్‌లు సాధారణంగా డ్యుయల్‌సెన్స్‌కూ పడతాయి. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, ఎస్ కంట్రోలర్లది ఒక కొలత. నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌ది వేరు. స్విచ్‌తో వచ్చే చిన్న జాయ్‌కాన్ కంట్రోలర్ల స్టిక్‌లు చిన్నవి, వాటికి ప్రత్యేకంగా చేసినవే కొనాలి. క్లిప్ రకంలో మాత్రం కంట్రోలర్ పేరు పెట్టె మీద స్పష్టంగా ఉంటేనే తీసుకోండి. కొక్కేలు అర మిల్లీమీటరు తేడా ఉన్నా కూర్చోవు.

చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని స్టిక్‌లు వేలి స్పర్శను గుర్తిస్తాయి. వేలు తగలగానే జైరో (పరికరాన్ని వంచి గురి పెట్టే సెన్సర్) పనిచేసేలా పెట్టుకున్నవాళ్లు మందపాటి గ్రిప్ వేస్తే ఆ స్పర్శ అందకపోవచ్చు. క్వెస్ట్ వీఆర్ హెడ్‌సెట్ టచ్ కంట్రోలర్ల స్టిక్‌లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ చాలా పలుచటి క్యాప్ దాటి వెళ్లకండి.

అమర్చే ముందు శుభ్రం

గ్రిప్ జారిపోతోందనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం కింద మిగిలిన జిడ్డే. కంట్రోలర్‌ను ఆపేయండి. 70 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది పుల్లను తడపండి. బొట్టు కారేంత తడి వద్దు, కారితే స్టిక్ మెడ వెంట లోపలికి పోతుంది. తల పైభాగం, అంచు చుట్టూ, ముఖ్యంగా అంచు కింద తుడవండి. పుల్ల నల్లగా వస్తూ ఉన్నంతసేపు కొత్త పుల్లతో తుడుస్తూనే ఉండండి. స్టిక్ మెడ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది మెడ, కంట్రోలర్ రంధ్రం అంచుకు రాసుకోవడం వల్ల రాలిన ప్లాస్టిక్. పొడి బ్రష్‌తో కంట్రోలర్‌ను తలకిందులుగా పట్టుకుని దులపండి. 5 నిమిషాలు ఆరనివ్వండి. ఆ తర్వాత చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి.

సిలికాన్ క్యాప్ తొడగడం

1. క్యాప్‌ను గోరువెచ్చటి నీళ్లలో ఒకట్రెండు నిమిషాలు ఉంచి, తీసి, లోపలా బయటా తడి లేకుండా తుడవండి. మెత్తబడి సులువుగా సాగుతుంది.

2. క్యాప్ అంచును బయటికి సగం వరకు మడవండి, సాక్స్ తొడిగేముందు మడిచినట్టు.

3. స్టిక్‌ను మీ నుంచి దూరంగా తోసి పట్టుకోండి. మీవైపు ఉన్న తల అంచు పైకి లేస్తుంది. క్యాప్ అంచును అక్కడ కిందికి తగిలించండి.

4. ఆ చోటును ఒక బొటనవేలితో కదలకుండా నొక్కి పట్టి, రెండో చేతి వేళ్లతో మిగతా అంచును రెండు వైపులా కొంచెం కొంచెంగా లాగుతూ ఎదుటి చివరకు తీసుకురండి.

5. గోళ్లు, స్క్రూడ్రైవర్, కత్తెర మొన వాడకండి. సిలికాన్‌కు చిన్న గాటు పడితే అక్కడి నుంచే చిరుగుతూ పోతుంది.

6. క్యాప్ మధ్యలో నొక్కి గాలిని అంచులవైపు తోసేయండి. లోపల బుడగ మిగిలితే నొక్కినప్పుడు మెత్తగా ఊగుతుంది.

7. అంచు చుట్టూ వేలు పోనిచ్చి అన్నివైపులా తల కింద సమానంగా ముడుచుకుందో లేదో చూడండి. ఎక్కడైనా పైకి లేచి ఉంటే అక్కడే ముందు ఊడుతుంది.

మరీ బిగుతుగా ఉంటే క్యాప్ లోపల ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాయండి. జారుతూ ఎక్కుతుంది, తర్వాత ఆవిరైపోతుంది. సబ్బు నీళ్లు, నూనె, వాసెలిన్ వద్దు. అవి లోపలే ఉండిపోయి క్యాప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.

క్లిప్ గ్రిప్ పెట్టడం, తీయడం

1. గ్రిప్‌ను తిప్పి అడుగున కొక్కేలు ఎక్కడున్నాయో చూడండి.

2. స్టిక్‌ను మధ్యలో ఉంచి, గ్రిప్‌ను కొంచెం వంచి ఒకవైపు కొక్కేన్ని తల అంచు కిందికి పోనివ్వండి.

3. రెండోవైపు గట్టిగా కిందికి నొక్కండి. టక్‌మని చప్పుడు వచ్చి కూర్చుంటుంది. చప్పుడు రాకపోతే కొక్కెం అంచు మీదే ఆగిపోయిందన్నమాట. ఎక్కువ బలం పెట్టకుండా తీసి, కోణం మార్చి మళ్లీ పెట్టండి.

4. గ్రిప్‌ను పట్టుకుని గుండ్రంగా తిప్పి చూడండి. కొద్దిగా తిరిగితే పర్వాలేదు, పైకి కిందికి కదిలితే మాత్రం సరిగా కూర్చోలేదు.

తీసేటప్పుడు నిట్టనిలువుగా లాగొద్దు. స్టిక్ తల లోపలి కాడకు బిగువుగా దిగి ఉంటుందంతే, గట్టిగా లాగితే ఆ తల కాస్త పైకి జారవచ్చు. గ్రిప్ ఒక అంచు కింద వేలి కొన పెట్టి, ఆ పక్కను మాత్రమే పైకి ఎత్తండి, కొక్కెం విడివడుతుంది. తీశాక స్టిక్ తల ఎత్తుగా అనిపిస్తే నిటారుగా కిందికి నొక్కి కూర్చోబెట్టండి. మాటిమాటికీ తీసి పెడుతుంటే కొక్కేలు అరిగి వదులవుతాయి. ఒకసారి పెట్టాక ఉంచేయడం మేలు.

గ్రిప్ టేప్, సొంతంగా కత్తిరించుకోవడం

తల లోపలి గుంట వ్యాసం కొలిచి, దాని కంటే 1 మి.మీ. తక్కువ వ్యాసంతో గుండ్రంగా కత్తిరించండి. అంచుదాకా పెద్దగా కత్తిరిస్తే వేలు పక్కకు తోసిన ప్రతిసారీ అంచు లేస్తుంది. అంటించి 30 సెకన్లు నొక్కి పట్టండి, ఓ రాత్రి కదపకుండా వదిలేయండి. జిగురు పూర్తి బలం పుంజుకోవడానికి సమయం కావాలి. టెన్నిస్ రాకెట్ పిడికి చుట్టే ఓవర్‌గ్రిప్ ముక్కను పలుచటి డబుల్ సైడ్ టేప్‌తో అంటించినా బాగానే పనిచేస్తుంది, చెమట పీల్చుకుంటుంది, కాకపోతే తొందరగా మాసిపోతుంది. గరుకు కాగితం మాత్రం వాడకండి, చర్మం చీరుకుపోతుంది, రాలిన ఇసుక స్టిక్ లోపలికి పోతుంది.

ప్రెసిషన్ రింగ్

మెత్తటిదానితో మొదలుపెట్టండి. స్టిక్ తల మీదుగా సాగదీసి మెడ మీదికి దించాలి, మెలి పడకుండా చూసుకోవాలి. ఫోమ్ రింగులు అరుగుతాయి, ఆ పొడి స్టిక్ లోపలికి చేరే ప్రమాదం ఉంటుంది. నెలకోసారి తీసి చూడండి, చేతికి పొడి అంటుతుంటే పారేయండి. ఇంకో ముఖ్యమైన సంగతి: గట్టి రింగ్ స్టిక్‌ను అంచుదాకా వెళ్లనివ్వకపోవచ్చు. అప్పుడు పరుగు, పూర్తి వేగపు మలుపు అసలు అందవు. ఇది కింది పరీక్షలో బయటపడుతుంది.

అమర్చాక పరీక్ష

కంప్యూటర్‌కు కంట్రోలర్ కలిపి, గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ ఏదైనా బ్రౌజర్‌లో తెరవండి. స్టిక్ స్థానం -1 నుంచి 1 వరకు అంకెల్లో కనిపిస్తుంది. గ్రిప్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఇవే చేయండి.

స్టిక్‌ను అంచు వెంట నెమ్మదిగా మూడు చుట్లు తిప్పండి. నాలుగు దిక్కుల్లోనూ విలువ 1కి లేదా -1కి చేరాలి. గ్రిప్ ముందు 1.00 చూపి, పెట్టాక 0.93 దగ్గరే ఆగితే గ్రిప్ అంచు గానీ రింగ్ గానీ కంట్రోలర్ రంధ్రానికి తగులుతోంది. వేలు తీసి మధ్యకు వచ్చిన విలువ చూడండి, పదిసార్లు నాలుగు వైపుల నుంచీ వదలండి. రెండు సందర్భాల్లోనూ 0 దగ్గర అంతే దూరంలో ఆగాలి. మందపాటి క్యాప్ అంచు కిందికి వేలాడి మెడకు రాసుకుంటుంటే స్టిక్ పూర్తిగా మధ్యకు రాదు, దాన్ని చాలామంది డ్రిఫ్ట్ అని పొరబడతారు. చివరగా ఎల్3, ఆర్3 పదేసిసార్లు నొక్కండి. నొక్కినప్పుడు స్టిక్ విలువ ఎంత చెదురుతోందో గమనించండి.

సెట్టింగులు సరిచేయడం

గ్రిప్ పెట్టి సెట్టింగులు ముట్టుకోకుండా ఆడితే సగం లాభం పోయినట్టే. అలాగని మొదటిరోజే అన్నీ తిప్పేయకూడదు. రెండు మూడు రోజులు పాత సెట్టింగులతోనే, సాధన మైదానంలో ఆడండి.

మొదట డెడ్‌జోన్, అంటే మధ్య దగ్గర స్టిక్ కదిలినా ఆట పట్టించుకోని మేర. అది కోణం లెక్క. 10 శాతం డెడ్‌జోన్ అంటే పొట్టి స్టిక్ మీద వేలు సుమారు 0.7 మి.మీ. కదిలేదాకా ఏమీ జరగదు. 10 మి.మీ. గ్రిప్ వేశాక అదే డెడ్‌జోన్‌కు వేలు 1 మి.మీ. కదలాలి. స్టిక్ మొద్దుబారినట్టు అనిపించేది అందుకే. డెడ్‌జోన్‌ను ఒక్కో మెట్టు తగ్గిస్తూ రండి. వేలు తీసినా కెమెరా కదిలిన చోట ఆగి, రెండు మెట్లు పెంచి అక్కడ స్థిరపరచండి.

తర్వాత సెన్సిటివిటీ, అంటే స్టిక్ తోపుకు కెమెరా ఎంత వేగంగా తిరగాలన్నది. పూర్తి అంచు దగ్గర తిరిగే వేగం గ్రిప్ వల్ల మారదు. వెనక్కి తిరగడం ఆలస్యమవుతోందనిపిస్తే అది వేలు ప్రయాణించే దూరం వల్ల. ఒక్క మెట్టు పెంచి ఒకరోజంతా ఆడండి, అవసరమైతే ఇంకొకటి. రెండు మూడు మెట్లు ఒకేసారి పెంచితే ఎత్తు వల్ల వచ్చిన నిలకడను చేతులారా పోగొట్టుకున్నట్టే. ఆటలో రెస్పాన్స్ కర్వ్ (స్టిక్ ఎంత వంగితే ఎంత వేగమో చెప్పే గీత) మార్చే వీలుంటే మధ్య దగ్గర మెల్లగా, అంచు దగ్గర వేగంగా ఉండేదాన్ని ఎత్తు గ్రిప్‌తో కలపకండి. రెండూ మధ్యభాగాన్ని నెమ్మదింపజేస్తాయి, కలిస్తే గురి బురదలో నడిచినట్టు అవుతుంది. సరళరేఖ కర్వ్ పెట్టి చూడండి.

రింగ్ వల్ల విలువ 0.93 దగ్గర ఆగుతుంటే బయటి డెడ్‌జోన్‌ను 8 శాతం చేయండి. అప్పుడు 0.92 దాటగానే ఆట దాన్ని పూర్తి తోపుగా లెక్కిస్తుంది. ఆటలో ఆ ఎంపిక లేకపోతే, కంప్యూటర్‌లో స్టీమ్ ద్వారా ఆడేవాళ్లకు దాని కంట్రోలర్ సెట్టింగులైన స్టీమ్ ఇన్‌పుట్‌లో ఉంటుంది. రెండూ లేని చోట రింగ్ తీసేయడమే దారి.

తేడాలొస్తే

క్యాప్ తిరుగుతోంది: తీసి, లోపలివైపు గిన్నెలు తోమే ద్రవంతో కడిగి ఆరబెట్టి, స్టిక్ తలను ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ వేయండి. అయినా తిరిగితే అది సాగిపోయింది లేదా కొలత పెద్దది. సూపర్ గ్లూ జోలికి వెళ్లొద్దు. మామూలు జిగుర్లు సిలికాన్‌కు పట్టవు, స్టిక్ రబ్బరుకు మాత్రం అంటుకుని దాన్ని పాడుచేస్తాయి. చుక్క లోపలికి కారితే స్టిక్ బిగిసిపోతుంది.

ఒకవైపే లేస్తోంది: మీరు ఎక్కువగా తోసే దిశకు ఎదురువైపు అంచు లేస్తుంది. సాధారణంగా ఎడమ స్టిక్‌కు వెనకవైపు, ఎందుకంటే ఎక్కువసేపు ముందుకే తోస్తారు. క్యాప్‌ను అప్పుడప్పుడు పావు చుట్టు తిప్పి వేసుకుంటే సాగుడు అన్నివైపులా సమానంగా పడుతుంది.

తిప్పినప్పుడు గీకుతున్న శబ్దం: గ్రిప్ అంచు కంట్రోలర్ పైకప్పుకు తగులుతోంది. క్యాప్ అంచు కిందికి ఎక్కువ దిగి ఉంటే పైకి సర్దండి. సన్నటి అంచున్న క్యాప్‌కు మారడం ఇంకా మంచిది.

కొద్దివారాలకే నున్నగా, జిడ్డుగా మారింది: సిలికాన్ చర్మపు జిడ్డును, దుమ్మును బాగా పట్టుకుంటుంది. కడిగితే పాత పట్టు తిరిగొస్తుంది. కడిగినా జిగటగానే ఉంటే, అది రబ్బరు రకమైతే, పదార్థమే చెడిపోవడం మొదలైంది. మార్చేయండి.

సంరక్షణ

రెండు వారాలకోసారి క్యాప్ తీసి, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల ద్రవం వేసి, మెత్తటి పళ్ల బ్రష్‌తో గాట్ల వెంట రుద్దండి. తుడిచి, గంటసేపు ఆరనివ్వాలి. తడితో వేస్తే ఆ నీరు స్టిక్ మెడలోకి దిగుతుంది. క్లిప్ రకాన్ని తీయకుండానే తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. సిలికాన్ ఎండకు, ఇంకు మరకలకు రంగు మారినా పట్టు పోదు. రంగు చూసి కాదు, అంచు చూసి మార్చండి. అంచు వెంట వెంట్రుకంత చీలిక కనిపించిన రోజే తీసేయాలి, ఆట మధ్యలో ఊడితే వేలు ఒక్కసారిగా పక్కకు పోతుంది.

ఎత్తు గ్రిప్ ఉన్న కంట్రోలర్‌ను బిగుతైన ప్రయాణపు పెట్టెలో మూసే ముందు మూత స్టిక్‌కు తగులుతుందేమో చూసుకోండి. మూత నొక్కిడితో స్టిక్ గంటల తరబడి ఒకవైపు వంగి, లేదా ఎల్3 నొక్కుడులోనే ఉండిపోతే మధ్యకు తెచ్చే స్ప్రింగ్ మీద, క్లిక్ బటన్ మీద ఒత్తిడి పడుతుంది. మూత తగిలితే గ్రిప్‌లు తీసి పక్క అరలో వేయండి, లేదా లోతైన పెట్టె తీసుకోండి.